అవతలి కోర్టులో నేస్తం

2017 ఏప్రిల్ 16న సింగపూర్ ఓపెన్ సూపర్ సిరీస్ బ్యాడ్మింటన్ పురుషుల సింగిల్స్ ఫైనల్‌లో నెట్‌కు ఇటు కిడాంబి శ్రీకాంత్, అటు సాయి ప్రణీత్ నిలబడ్డారు. ఇద్దరూ తెలుగువాళ్లు. హైదరాబాద్ గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీలో ఏళ్ల తరబడి కలిసి చెమటోడ్చినవాళ్లు. ఒకరి స్మాష్ ఏ మూలకు వస్తుందో, ఒకరి కాళ్లు ఎప్పుడు బరువెక్కుతాయో రెండోవారికి కొట్టినపిండి. ఆ స్థాయి సింగిల్స్ ఫైనల్‌లో ఇద్దరు భారతీయులు తలపడటం అదే తొలిసారి. మొదటి గేమ్‌ను శ్రీకాంత్ 21-17తో గెలిచాడు. రెండో గేమ్‌ను అదే తేడాతో ప్రణీత్ లాక్కున్నాడు. మూడో గేమ్ 21-12. కప్పు ప్రణీత్‌కు దక్కింది.

చూసేవాళ్లకు అది పండగే. ఎవరు గెలిచినా కప్పు మనింటికే. ఆడేవాళ్ల సంగతి వేరు. ముక్కూమొహం తెలియని ప్రత్యర్థిని ఓడించడం ఒక పని, పొద్దున్నే కలిసి వార్మప్ చేసే నేస్తాన్ని ఓడించడం ఇంకో పని. ఇద్దరూ ఒకే గురువు శిష్యులైతే కోచ్ ఎవరి వెనుకా కూర్చోకుండా తప్పుకోవడం బ్యాడ్మింటన్‌లో మర్యాద. గురువుకు తప్పుకునే వీలుంది. ఆటగాడికి లేదు.

స్నేహితులు పోటీపడితే మనసులో, ఒంట్లో ఏం జరుగుతుంది? ఆట మెరుగవుతుందా, మెత్తబడుతుందా? వాళ్లు ఎదురెదురు పడే అవకాశం ఎంత? వాళ్లు లోపాయికారీగా కుమ్మక్కు కాకుండా టోర్నమెంట్‌ను ఎలా కట్టాలి? మనస్తత్వ శాస్త్రం, జీవశాస్త్రం, గణితం, అర్థశాస్త్రం తలా ఒక వైపు నుంచి ఈ ప్రశ్నలను తడిమాయి. వాటి జవాబులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, స్నేహానికీ పోటీకీ మధ్య తగవు మనం అనుకున్నంత పెద్దది కాదనీ, ఆ తగవును పెంచేదీ తుంచేదీ చాలావరకు పోటీ నిబంధనలేననీ తేలుతుంది.

ఒకే పొయ్యి మీద రెండు వంటలు

పోటీ మీద తొలి ప్రయోగాల్లో ఒకటి 1898 నాటిది. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో నార్మన్ ట్రిప్లెట్ సైకిల్ పందేల లెక్కలు తిరగేస్తూ ఒక సంగతి గమనించాడు. ఒంటరిగా గడియారంతో పోటీపడే వాళ్లకన్నా పక్కన మరొకరు తొక్కుతున్నప్పుడు సైకిలిస్టులు వేగంగా వెళ్తున్నారు. దీన్ని పరీక్షించడానికి 40 మంది పిల్లల చేత చేపల గాలం రీలు తిప్పించాడు, ఒకసారి ఒంటరిగా, ఒకసారి పక్కవాడితో పోటీగా. ఇరవై మంది పోటీలో వేగం పెంచారు. పది మందిలో పెద్ద మార్పు లేదు. మిగతా పది మంది తడబడి వెనకబడ్డారు. పోటీ అందరికీ ఒకేలా పనిచేయదని అప్పుడే తెలిసింది.

మరి ఎదుట ఉన్నది ఎవరన్న దాన్ని బట్టి తేడా ఉంటుందా? 1954లో లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త చెప్పిన సూత్రం దీనికి తాళంచెవి. తన సామర్థ్యం ఎంతో తెలుసుకోవాలని ప్రతి మనిషికీ ఉంటుంది. కొలబద్ద దొరకనప్పుడు పక్కవాడితో పోల్చుకుంటాడు. ఆ పక్కవాడు ఎవరో ఒకరైతే సరిపోదు, తనలాంటివాడై ఉండాలి. జిల్లా స్థాయి ఆటగాడు తనను ప్రపంచ విజేతతో పోల్చుకుని బాధపడడు. తన పక్క కోర్టులో ఆడేవాడితో పోల్చుకుని బాధపడతాడు.

గవిన్ కిల్‌డఫ్ అనే అమెరికన్ పరిశోధకుడు తన సహచరులతో కలిసి ఈ దారిలోనే ఇంకొంత ముందుకెళ్లాడు. మామూలు పోటీ వేరు, పంతం వేరు అని వాళ్లు విడదీశారు. అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ జట్లను పరిశీలించి, పంతం పుట్టడానికి మూడు దినుసులు కావాలని తేల్చారు. ఇద్దరూ ఒకేలాంటివాళ్లై ఉండాలి, పదేపదే తలపడాలి, ఫలితాలు నువ్వా నేనా అన్నట్టు ఉండాలి. తర్వాత కిల్‌డఫ్ ఒక పరుగుల క్లబ్బు రికార్డులు తీసి లెక్కగడితే, తమతో పంతమున్న రన్నర్ బరిలో ఉన్న రోజున పరుగువీరులు కిలోమీటరుకు దాదాపు 5 సెకన్లు వేగంగా పరుగెత్తారని తేలింది. 5 కిలోమీటర్ల పందెంలో అది 25 సెకన్లు.

ఆ మూడు దినుసుల్ని మళ్లీ చూడండి. ఒకే వయసు, ఒకే ఊరు, ఒకే అకాడమీ, రోజూ కలిసి ఆడటం, బలాబలాలు సరిసమానం. స్నేహం పుట్టేది కూడా వీటితోనే. దినుసులు ఒకటే కాబట్టి మంచి జోడీ దొరికినచోట స్నేహమూ పంతమూ కవలల్లా పుట్టడంలో వింత లేదు. టెన్నిస్‌లో వీనస్, సెరెనా విలియమ్స్ ఒకే ఇంట్లో, ఒకే తండ్రి శిక్షణలో పెరిగి, ప్రొఫెషనల్ ఆటలో 31 సార్లు తలపడ్డారు. సెరెనా 19, వీనస్ 12 గెలిచారు. అంతటి ప్రత్యర్థి ఒకరికొకరు ఇంట్లోనే దొరకడం వాళ్ల ఎదుగుదలలో పెద్ద భాగం.

సాయం చేస్తూ చేయి వెనక్కి తీసుకోవడం

అబ్రహం టెసర్ అనే మనస్తత్వవేత్త స్నేహితుల పోటీలోని చేదు భాగాన్ని తవ్వాడు. 1980లో జోనథన్ స్మిత్‌తో కలిసి ఆయన ఒక మాటలాట పెట్టాడు. ఒకరు పదాన్ని ఊహించాలి, తక్కినవారు జాబితాలోంచి ఏరి క్లూలు అందించాలి. సులభమైన క్లూ ఇవ్వవచ్చు, కష్టమైనదీ ఇవ్వవచ్చు. ఆడేవాళ్లలో స్నేహితులున్నారు, పరాయివాళ్లూ ఉన్నారు. కొందరికి ఇది ఉత్త కాలక్షేపమని చెప్పారు. ఇంకొందరికి ఇది తెలివితేటల్ని కొలిచే ముఖ్యమైన పరీక్ష అన్నారు.

కాలక్షేపం అనుకున్నవాళ్లు స్నేహితులకు సులభమైన క్లూలు ఇచ్చారు. ఊహించినదే. తెలివికి పరీక్ష అనుకున్నవాళ్లు మాత్రం పరాయివాళ్లకంటే స్నేహితులకే కష్టమైన క్లూలు ఇచ్చే వైపు మొగ్గారు. పరాయివాడు నెగ్గితే మనకు పోయేదేం లేదు. నేస్తం నెగ్గితే రేపటి నుంచి రోజూ ఆ తేడాను ఎదురుగా చూడాలి.

దీని మీద టెసర్ కట్టిన సిద్ధాంతం సారాంశం ఇది. దగ్గరివాడి విజయం మనల్ని రెండు రకాలుగా తాకుతుంది. మనకు పట్టింపులేని రంగమైతే ‘వాడు మావాడే’ అని ఛాతీ విరుచుకుంటాం. అది మన సొంత రంగమైతే అదే విజయం ముల్లవుతుంది. క్రికెటర్‌కు వీణ విద్వాంసుడు నేస్తమైతే గొడవ లేదు. ఇద్దరూ ఓపెనింగ్ బ్యాట్స్‌మెన్ అయితేనే చిక్కు.

2009లో హిదెహికో తకహాషి బృందం జపాన్‌లో చేసిన మెదడు స్కానింగ్ ప్రయోగం దీనికి దగ్గరగా వచ్చింది. తమ రంగంలోనే, తమలాంటివారే తమను మించిపోయారని ఊహించుకున్నప్పుడు మనుషుల్లో అసూయ ఎక్కువగా రగిలింది. ఆ సమయంలో మెదడులో చురుకైన భాగం శారీరక నొప్పితో కూడా సంబంధం ఉన్నదే. ‘కడుపుమంట’ కాస్త పైన, తలలో ఉందన్నమాట. అలాగని దాన్ని దుర్గుణమని కొట్టిపారేయాల్సిన పని లేదు. ఆ మంటను క్లూలు దాచడానికి వాడుకోవచ్చు, పొద్దున ఒక గంట ముందే కోర్టుకు రావడానికీ వాడుకోవచ్చు.

లాలాజలం చెప్పిన సాక్ష్యం

మనసు సరే, ఒళ్లేమంటుంది? పోటీకి దిగిన మగవాళ్లలో టెస్టోస్టిరాన్ హార్మోన్ పెరగడం, గెలిచినవాళ్లలో ఆ పెరుగుదల సాధారణంగా ఓడినవాళ్లలోకంటే ఎక్కువగా ఉండటం చాలా అధ్యయనాలు చూసినదే. అయితే ఎదుట ఉన్నది మనవాడా, పరాయివాడా అన్న తేడా ఒంటికి తెలుస్తుందా అన్నది ఆసక్తికరమైన ప్రశ్న.

కరీబియన్ దీవి డొమినికాలో మగవాళ్లు సాయంత్రాలు డామినోలు ఆడతారు. మానవ శాస్త్రవేత్త మార్క్ ఫ్లిన్ బృందం అక్కడ ఆటగాళ్ల లాలాజలం నమూనాలు సేకరించి 2002లో ఫలితాలు ప్రకటించింది. పొరుగూరి వాళ్లతో ఆడినప్పుడు టెస్టోస్టిరాన్ పెరిగింది. సొంత ఊరివాళ్లతో ఆడినప్పుడు అలాంటి పెరుగుదల కనిపించలేదు. బల్ల అదే, బిళ్లలు అవే. ఎదుటి మనిషే వేరు.

2010లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో ఇంకో ప్రయోగం జరిగింది. ముగ్గురేసి యువకులతో 14 జట్లు కట్టి వీడియో గేమ్ టోర్నమెంట్ పెట్టారు. ఒకసారి జట్టు మీద జట్టు, ఇంకోసారి అదే జట్టులోని ముగ్గురూ ఒకరి మీద ఒకరు. పరాయి జట్టును ఓడించడంలో ముందున్న వాళ్లలో టెస్టోస్టిరాన్ పెరిగింది. సొంత జట్టువాళ్ల మీద పైచేయి సాధించినవాళ్లలో మాత్రం టెస్టోస్టిరాన్ తక్కువగా, ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ ఎక్కువగా కనిపించింది. నేస్తాన్ని ఓడించిన గెలుపులో పొగరు తగ్గి బరువు పెరిగిందని దాన్ని చదువుకోవచ్చు.

ఎందుకిలా? ఈ పరిశోధకులు పరిణామ క్రమం వైపు చూపిస్తారు. రేపు పొరుగు గుంపుతో పోరు వస్తే పక్కన నిలబడాల్సింది ఈ నేస్తమే. ఈరోజు ఆటలో అతన్ని నలిపేస్తే రేపటి బలం పోతుంది. అందుకే సొంతవాళ్ల మధ్య పోటీలో దూకుడుకు ఒళ్లే కళ్లెం వేస్తుందని వారి వాదన. అధ్యయనాలు చిన్నవి, పాల్గొన్నది మగవాళ్లు మాత్రమే. కాబట్టి ఇది తిరుగులేని తీర్పు అనలేం. అయినా స్నేహితుడితో ఆడిన రోజు ‘ఎందుకో కసి రాలేదు’ అనే ఆటగాడి మాట సాకు కాకపోవచ్చని మాత్రం ఇది చెబుతోంది.

గుట్టు తెలిసినవాడితో ఆట

నేస్తంతో ఆటలో రెండో చిక్కు గుట్టుకు సంబంధించింది. మన బలమేంటో అతనికి తెలుసు. అతనికి తెలుసని మనకూ తెలుసు. ఈ చిక్కుముడిని విప్పేది గేమ్ థియరీ.

ఊహించుకున్న అంకెలతో చూద్దాం. మీకు క్రాస్ కోర్టు స్మాష్ బ్రహ్మాస్త్రం. ఎదుటివాడు దాన్ని ఊహించకపోతే 100కు 90 సార్లు, ఊహించినా 40 సార్లు పాయింటు మీదే. నేరుగా కొట్టే స్మాష్ అంత గొప్పది కాదు. ఊహించకపోతే 60, ఊహిస్తే 30. ఎలా చూసినా క్రాస్ స్మాషే మేలు. మరి ఎంత తరచుగా కొట్టాలి? లెక్క కడితే వచ్చే జవాబు చాలామందికి మింగుడుపడదు. 8 సార్లలో 3 సార్లే. మిగతా 5 సార్లు బలహీనమైన నేరు స్మాషే కొట్టాలి. కారణం, మీ గుట్టు తెలిసిన నేస్తం 4 సార్లలో 3 సార్లు క్రాస్ వైపే కాచుకుని ఉంటాడు. అలా కలిపి ఆడితే అతను ఎటు కాచుకున్నా మీకు సగటున 100కు 52 పైచిలుకు పాయింట్లు ఖాయం. ఏ స్మాషైనా ఒక్కదాన్నే నమ్ముకుంటే అతను దానికే కాచుకుంటాడు, గెలుపు 40కో 30కో పడిపోతుంది.

నిజం ఆటగాళ్లు ఇలా ఆడతారా? మార్క్ వాకర్, జాన్ వుడర్స్ అనే ఆర్థికవేత్తలు 2001లో వింబుల్డన్ వంటి పెద్ద టెన్నిస్ మ్యాచ్‌లలో సర్వీసుల్ని లెక్కించారు. కుడికీ ఎడమకూ సర్వీసుల్ని కలపడంలో ఆటగాళ్లు సిద్ధాంతానికి చాలా దగ్గరగా ఉన్నారు. ఒక్క లోపం దొరికింది. నిజమైన యాదృచ్ఛికతలో ఉండాల్సిన దానికన్నా తరచుగా వైపు మారుస్తున్నారు. రెండుసార్లు కుడికి కొడితే మూడోసారి ఎడమకు కొట్టాలనిపించడం మనిషి బలహీనత. పరాయివాడు ఆ లయను పట్టేలోపు మ్యాచ్ ముగుస్తుంది. ఏళ్ల తరబడి ఎదురుగా నిలబడిన నేస్తానికి ఆ లయ వెన్నతో పెట్టిన విద్య. కాబట్టి స్నేహితుల మ్యాచ్‌లో గెలుపు తరచుగా కొత్తదనానిదే, అంటే ప్రాక్టీసులో చూపించకుండా దాచుకున్న ఆ ఒక్క షాట్‌ది.

డ్రా తీసే చేతిలో

ఇక గణితం. 32 మంది సమాన బలం ఉన్న ఆటగాళ్లు, లాటరీతో తీసిన నాకౌట్ డ్రా. ఇద్దరు స్నేహితులు ఎక్కడో ఒకచోట ఎదురుపడే అవకాశం ఎంత? నాకౌట్‌లో ప్రతి మ్యాచ్‌తో ఒకరు ఇంటికి పోతారు కాబట్టి మొత్తం మ్యాచ్‌లు 31. సాధ్యమయ్యే జంటలు 496. రెండింటినీ భాగిస్తే 16లో 1. ఎంతమంది ఆడినా లెక్క ఒకటే, 2ను ఆటగాళ్ల సంఖ్యతో భాగించాలి. 64 మంది ఉంటే 32లో 1. అదే ఐదుగురు నేస్తాలు కలిసి 32 మంది టోర్నీకి వెళ్తే వాళ్లలో 10 జంటలుంటాయి. సగటున ప్రతి 8 టోర్నీలకు 5 మ్యాచ్‌లు వాళ్లలో వాళ్లకే పడతాయి. అకాడమీ పిల్లలు ‘ఎక్కడికెళ్లినా మాకు మేమే తగులుతున్నాం’ అని వాపోతే దురదృష్టాన్ని నిందించాల్సిన పని లేదు. పైగా వాళ్లు మిగతావారికన్నా బలవంతులైతే పై రౌండ్లకు వచ్చేది వాళ్లే, తగిలేదీ వాళ్లకు వాళ్లే.

లాటరీలోని అన్యాయాన్ని లెక్కగట్టి చూపినవారిలో ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ రాసిన లూయిస్ కరోల్ ఒకరు. ఆయన అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్, వృత్తి ఆక్స్‌ఫర్డ్‌లో గణిత బోధన. 1883లో టెన్నిస్ టోర్నమెంట్ల మీద రాసిన చిన్న పుస్తకంలో ఆయన, 32 మంది నాకౌట్‌లో నిజంగా రెండో స్థానానికి తగినవాడికి ఆ బహుమతి దక్కే అవకాశం 31లో 16 మాత్రమేనని చూపించాడు. మొదటివాడూ రెండోవాడూ డ్రాలో ఒకే సగంలో పడితే రెండోవాడు ఫైనల్‌కు ముందే ఓడిపోతాడు, అతనికన్నా తక్కువవాడు రన్నరప్ అవుతాడు.

దీనికి మందు సీడింగ్. బలవంతుల్ని డ్రాలో దూరదూరంగా నాటడం. వింబుల్డన్‌లో ఇది 1924లో మొదలైంది. చిత్రమేమంటే అప్పుడు చూసింది ర్యాంకును కాదు, దేశాన్ని. ఒక దేశం పేర్కొన్న ఆటగాళ్లను నాలుగు క్వార్టర్లలోకి విడదీశారు. స్వదేశీ మిత్రులు మొదట్లోనే ఒకరినొకరు ఇంటికి పంపుకోకూడదన్నది ఉద్దేశం. ప్రతిభను బట్టి పూర్తి సీడింగ్ 1927లో వచ్చింది.

మన పల్లెల్లో కబడ్డీకి జట్లు పంచుకునే పిల్లలు ఈ లెక్కను ఏ పుస్తకం చదవకుండానే పట్టేశారు. సమ ఉజ్జీలైన ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని దూరంగా వెళ్లి, ఒకరు చిలక, ఒకరు గోరింక అని గుట్టుగా పేర్లు పెట్టుకుని వచ్చి నాయకుల ముందు నిలబడతారు. ఒక నాయకుడు ఒక పేరు కోరుకుంటాడు, రెండోవాడు అవతలి జట్టుకు పోతాడు. జట్ల బలం సరిసమానమవుతుంది, నేస్తాలు చెరోవైపు చేరతారు, ఎవరి మీదా పక్షపాతపు నింద పడదు.

కుమ్మక్కు ఎక్కడ మొదలవుతుంది?

స్నేహితులు ఒకరినొకరు ఓడించుకోవడం ఒక బాధైతే, ఓడించుకోకపోవడం ఇంకో బాధ. 1962లో కురసావ్ దీవిలో ప్రపంచ చెస్ టైటిల్ పోరుకు అర్హతగా క్యాండిడేట్స్ టోర్నమెంట్ జరిగింది. ఎనిమిది మంది, ప్రతి ఒక్కరూ మిగతా వారితో నాలుగేసి గేములు. సోవియట్ ఆటగాళ్లు పెట్రోసియన్, కెరెస్, గెల్లర్ తమలో తాము ఆడిన 12 గేములూ డ్రా చేసుకున్నారు. శక్తిని మిగుల్చుకుని ఇతరుల మీద ఖర్చుపెట్టారు. పెట్రోసియన్ గెలిచాడు. అమెరికాకు చెందిన బాబీ ఫిషర్ పత్రికకెక్కి, రష్యన్లు చెస్‌ను ముందే ఖరారు చేసుకుంటున్నారని ఆరోపించాడు. తర్వాత ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఈ పోటీని నాకౌట్ మ్యాచ్‌లుగా మార్చింది. 2009లో ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు పాత గేముల్ని గణాంకాలతో జల్లెడ పట్టి, సోవియట్ ఆటగాళ్లు ఒక కూటమిలా ఆడిన ఆనవాళ్లున్నాయని తేల్చారు.

జపాన్ సుమో కుస్తీలో ఇంకా స్పష్టమైన లెక్క దొరికింది. ఒక్కో టోర్నీలో పెద్ద తరగతి మల్లుడు 15 కుస్తీలు పడతాడు. 8 గెలిస్తే హోదా నిలుస్తుంది, 7 దగ్గర ఆగితే దిగజారుతుంది. అంటే ఎనిమిదో గెలుపు విలువ మిగతా గెలుపులన్నిటికన్నా ఎక్కువ. చివరి రోజున 7-7తో ఉన్న మల్లుడికి 8-6తో ఉన్న మల్లుడు ఎదురైతే మామూలుగా గెలుపు అవకాశం 48.7 శాతం. మార్క్ డగ్గన్, స్టీవెన్ లెవిట్ 2002లో చూపించిన అసలు లెక్క 79.6 శాతం. అదే ఇద్దరు తర్వాత మళ్లీ తలపడితే ఆ విజేత గెలుపు శాతం 40 దగ్గరకు పడిపోయింది. అప్పు తీర్చుకున్నట్టే ఉంది కదా! 2011లో ఫిక్సింగ్ ఆధారాలు బయటపడి ఆ మార్చిలో జరగాల్సిన టోర్నీనే సుమో సంఘం రద్దు చేసింది. ఇదే సుమోలో ఒక తెలివైన నియమం కూడా ఉంది. ఒకే శిక్షణశాలలో కలిసి బతికే మల్లుల్ని మామూలు కుస్తీల్లో ఎదురెదురు నిలబెట్టరు. టైటిల్ కోసం ప్లేఆఫ్ వస్తేనే మినహాయింపు. 1995 నవంబరులో అలాగే వకనొహనా, తకనొహనా అనే అన్నదమ్ములు తలపడ్డారు, అన్న వకనొహనా గెలిచాడు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ మహిళల డబుల్స్‌ను దెబ్బతీసింది నిబంధనలే. గ్రూపులో గెలిస్తే సెమీస్‌లో సొంత దేశపు జోడీ తగులుతుంది, ఓడితే ఫైనల్ దాకా తగలదు అన్న పరిస్థితిలో చైనా టాప్ సీడ్ జోడీ కావాలని షటిల్‌ను నెట్‌కు కొట్టింది. ఎదుటి జోడీలూ అదే బాట పట్టాయి. చైనా, దక్షిణ కొరియా, ఇండోనేసియాలకు చెందిన ఎనిమిది మందిని పోటీ నుంచి వెలివేశారు. శిక్ష ఆటగాళ్లకు పడింది కానీ ఓడితే లాభం వచ్చేలా డ్రా తయారుచేసిన చేతులు వేరే.

ఇలాంటి కుమ్మక్కుకు అడ్డుకట్ట వేసేదే చెస్‌లో నేటి క్యాండిడేట్స్ నియమం. ఒకే దేశం ఆటగాళ్లు మొదటి రౌండ్లలోనే ఒకరితో ఒకరు ఆడేయాలి. చివర్లో అయితే అవకాశం పోయినవాడు నేస్తం కోసం ఆట వదిలేయవచ్చు. మొదట్లో అందరికీ ఆశ ఉంటుంది కాబట్టి ఎవరూ వదలరు. 2024 ఏప్రిల్‌లో టొరంటోలో చెన్నై వేలమ్మాళ్ పాఠశాల మిత్రులు గుకేశ్, ప్రజ్ఞానంద రెండో రౌండ్‌లోనే తలపడ్డారు. తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ నెగ్గాడు. చివరకు టోర్నీని గెలిచి, ఆ డిసెంబరులో ప్రపంచ విజేత అయ్యాడు.

అయితే కట్టుదిట్టాలన్నీ ఉన్నా ఆఖరి మాట ఆటగాడి మనసుదే అనిపించే సందర్భాలూ ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 2న నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో టాటా స్టీల్ టోర్నీ చివరి రౌండ్. గుకేశ్, ప్రజ్ఞానంద సమంగా ముందున్నారు. గుకేశ్‌కు ఎదురుగా వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి. అర్జున్‌కు టైటిల్ ఆశ ఎప్పుడో పోయింది, ఓడినా పెద్దగా నష్టం లేదు. అయినా పట్టుబట్టి ఆడి ప్రపంచ విజేతను ఓడించాడు. ప్రజ్ఞానందకూ అదే రోజు ఓటమి ఎదురవడంతో మిత్రులిద్దరూ టైబ్రేక్ ఆడారు, ప్రజ్ఞానంద గెలిచాడు. అంతకుముందు 2023లో బాకు ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో ఇదే అర్జున్‌ను ప్రజ్ఞానంద 5-4తో ఓడించాడు. ఆ పోరు సాగుతున్న రోజుల్లోనే బోర్డు దగ్గర నుంచి లేచి ఇద్దరూ కలిసి షికారుకు వెళ్లడం చెస్ ప్రపంచమంతా ముచ్చటగా చెప్పుకుంది.

పంచుకోనిచ్చే ఆటలు

కొన్ని ఆటల్లో నేస్తం మనకు అడ్డం రాడు. ఎత్తు దూకడంలో శత్రువు కర్రే. 2021 ఆగస్టు 1న టోక్యో ఒలింపిక్స్‌లో ఖతార్‌కు చెందిన ముతాజ్ బర్షిమ్, ఇటలీకి చెందిన జాన్‌మార్కో తంబేరీ ఇద్దరూ 2.37 మీటర్లు దాటి, 2.39 దగ్గర మూడేసిసార్లు విఫలమయ్యారు. ఇద్దరూ చిరకాల మిత్రులు. ఇద్దరూ చీలమండ గాయాల నుంచి తేరుకుని వచ్చినవాళ్లు. అధికారి వచ్చి విజేతను తేల్చే జంపాఫ్ సంగతి చెబుతుంటే, రెండు స్వర్ణాలు కుదురుతాయా అని బర్షిమ్ అడిగాడు. నిబంధన ఒప్పుకుంది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే పరిస్థితి వస్తే హామిష్ కెర్, షెల్బీ మెక్ఈవెన్ పంచుకోకుండా దూకడానికే మొగ్గారు. న్యూజిలాండ్‌కు చెందిన కెర్ గెలిచాడు. రెండూ తప్పు కాదు. ఆటగాళ్ల ఇష్టానికి చోటిచ్చిన నియమమే ఇక్కడ ముఖ్యం.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో పోల్ వాల్ట్ ఆడిన జపాన్ మిత్రులు షుహేయ్ నిషిదా, సుయెఓ ఓయెలకు ఆ వీలు దక్కలేదు. ఇద్దరూ 4.25 మీటర్లు దాటారు. రజతం నిషిదాకు, కాంస్యం ఓయెకు ఇచ్చారు. స్వదేశం వెళ్లాక వాళ్లు రెండు పతకాల్నీ సగానికి కోయించి, సగం వెండి, సగం కంచుగా అతికించుకున్నారు. అధికారిక పట్టికలో మాత్రం నేటికీ నిషిదా రెండు, ఓయె మూడు.

మన టోర్నీలకు పనికొచ్చేది

జిల్లా బ్యాడ్మింటన్ పోటీ కావచ్చు, కాలేజీ క్యారమ్స్ కావచ్చు, అపార్టుమెంటు సంక్రాంతి చెస్ కావచ్చు, ఈ శాస్త్రమంతా నిర్వాహకులకు నాలుగు పనులు చెబుతోంది. ఒకటి, నాకౌట్ అయితే ఒకే బడి, ఒకే అకాడమీ పిల్లల్ని డ్రాలో విడదీయండి. రెండు, లీగ్ అయితే వాళ్ల మ్యాచ్‌ల్ని మొదటి రోజే ముగించండి, చివరి రౌండ్ మ్యాచ్‌లన్నీ ఒకే సమయానికి పెట్టండి. మూడు, ఎవరికీ ఏ దశలోనూ ఓడితే లాభం లేకుండా చూసుకోండి. నాలుగు, సమానంగా నిలిస్తే ఏం చేయాలో టోర్నీ మొదలుకాకముందే రాసి గోడకు అంటించండి.

తల్లిదండ్రులకు చెప్పేది ఒక్కటే. ‘వాడు నీ ఫ్రెండ్ కదా, వాడి చేతిలో ఓడిపోయావేంటి’ అని ఇంట్లో అనకండి. ట్రిప్లెట్ పిల్లల్లో పోటీకి తడబడిన ఆ పది మందిలో మీ పిల్లాడూ ఉండవచ్చు. తనకు సరిజోడైన ప్రత్యర్థి పక్క కోర్టులోనే దొరకడం ఆటగాడికి పట్టే అదృష్టాల్లో పెద్దది. దాన్ని మీ మాటతో పోగొట్టకండి.